ఓస్లా చేసిన ఇనుప పీత

మా దీవిలో ఎవరినైనా మెచ్చుకోవాలంటే "పర్లేదు" అంటారు. పెళ్లికూతురు కళ్లు చెదిరేలా ఉన్నా పర్లేదే. కొత్త పడవ ఉత్తరపు గాలికి ఎదురు నిలిచి ఒడ్డు చేరినా పర్లేదే. అంతకన్నా ఒక్క మాట ఎక్కువైతే అన్నవాళ్లకీ ఇబ్బందే, అనిపించుకున్నవాళ్లకీ ఇబ్బందే. షెట్లాండ్ దీవులన్నిటిలోనూ ఈ అలవాటు ఉంది గానీ, మా దీవి మరీ ఉత్తరాన విసిరేసినట్టు ఉంటుంది కనుక మాకు ఇంకాస్త ఎక్కువ. అలాంటి చోట పుట్టి, తన పని బాగుందని తన నోటితో చెప్పి, ఎదుటివాళ్ల నోటితో కూడా చెప్పించుకున్న మనిషి ఓస్లా ఇంక్‌స్టర్.

ఓస్లా తండ్రి గిడియన్ మోవట్ మా దీవికి కమ్మరి. గుర్రాలకు నాడాలు కొట్టేవాడు, పడవలకు కొక్కేలు చేసేవాడు, పొయ్యిలోకి బురదనేల నుంచి పీట్ గడ్డలు కోసే పొడుగు పారలకు పదును పెట్టేవాడు. మగపిల్లలు లేరు. కొలిమి తిత్తి ఊదడానికి ఎవరో ఒకరు కావాలి గనుక కూతుర్ని నిలబెట్టాడు. తల్లికి అది నచ్చేది కాదు. ఆడపిల్లన్నాక స్వెటర్లు అల్లుకోవాలని ఆమె పట్టు. ఓస్లా రెండూ చేసింది. నడుముకు తోలు పట్టీ కట్టుకుని, అందులో ఒక అల్లిక సూది దోపుకుని, ఇనుము ఎర్రబడేలోపు ఓ వరస అల్లేసేది. ఆ స్వెటర్లకు బొగ్గు మరకలు అంటేవి. తల్లి తిడుతూ ఉతికేది.

గిడియన్ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నా మొహం చూడకు, ఇనుము రంగు చూడు" అనేవాడు. కాల్చి గట్టిపరిచిన ఇనుమును మళ్లీ మెల్లగా వేడిచేస్తుంటే దాని మీద రంగులు పాకుతాయి. మొదట ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, తర్వాత ఊదా, చివరికి నీలం. "ఉలికైతే ఎండుగడ్డి దగ్గర ఆపు. కమానుకైతే నీలం దాకా పోనీ. ఉలి కోయాలి, కమాను వంగాలి" అని చెప్పేవాడు. ఆయన పోయాక కొలిమి చల్లారింది. ఆ పాకలో ఓస్లా కోళ్లను పెట్టింది. దాగలి మీద కోడిపుంజు కూర్చునేది.

రాస్మీ ఇంక్‌స్టర్ ఆమెను చేసుకుని ఆ ఇంటికే ఇల్లరికం వచ్చాడు. మంచి మనిషి, నవ్వు మొహం, చేతులు మాత్రం కుదురుగా ఉండవు. ఏ మేకు కొట్టినా వంకరే. రాస్మీ అక్క గిర్జీ ఆ ఇల్లరికాన్ని ఎన్నడూ క్షమించలేదు. వారానికోసారి టీకి వచ్చి, కుర్చీలో కూర్చుని, ఏదో ఒక వంక పెట్టి గానీ వెళ్లేది కాదు.

తర్వాత సముద్రం అడుగున చమురు నిక్షేపాలు బయటపడ్డాయి. దీవుల్లో మగవాళ్లందరూ చమురు పనులకు వెళ్లారు. రాస్మీ కూడా వెళ్లాడు. కొన్నాళ్లకు తిరిగొచ్చాడు, ఒట్టి చేతులతో కాదు. ఫెర్రీ దిగి రోడ్డెక్కుతుంటే కింద ఒక పాత తవ్వే యంత్రం, పైన కూర్చుని రాస్మీ, పందెంలో ఎద్దును గెలుచుకొచ్చినవాడి మొహం.

"ఏంటిది?" అంది ఓస్లా గుమ్మంలోంచి.

"ఇకమీద పారతో తవ్వేవాడు పిచ్చోడు" అన్నాడు రాస్మీ.

నిజంగానే పని దొరికింది. చమురు డబ్బుతో అందరూ కొత్త ఇళ్లకు పునాదులు తవ్విస్తున్నారు. కాలవలు, రోడ్లు, ఆఖరికి చర్చి వెనక గోతులు కూడా రాస్మీ యంత్రమే తవ్వింది. అయితే ఆ చలికాలం రాకముందే దాని చేయి నీరసపడింది. పైకెత్తి ఉంచితే, టీ తాగొచ్చేలోపు మెల్లగా కిందికి దిగిపోయేది. చేతిని నడిపే సిలిండర్ మూతి దగ్గర నూనె జిడ్డుగా కారేది. పట్నంలో మెకానిక్కులు ఉన్నారు గానీ, వాళ్లనీ చమురు పనులే మింగేశాయి. గ్యారేజీకి ఫోన్ చేస్తే, ఆ సిలిండర్ విప్పడానికి ప్రత్యేకమైన పానా కావాలన్నారు. అది సముద్రం అవతల ప్రధాన భూభాగం నుంచి ఓడలో రావాలి. ఓడకు గాలి తగ్గాలి. పానా వచ్చాక దాన్ని పట్టుకునే మనిషికి తీరిక దొరకాలి.

రాస్మీ వంటింట్లో తల పట్టుకు కూర్చున్నాడు. ఓస్లా కోళ్ల మేత గిన్నె చంకనెట్టుకుని యంత్రం దగ్గరికి వెళ్లింది. సిలిండర్ మూతిని ఏప్రన్ కొసతో తుడిచింది. వెలుపల ఒక లావుపాటి ఇనుప రింగు, దాని మొహం మీద ఎదురెదురుగా రెండు కన్నాలు. చాలాసేపు చూసింది.

"రాస్మీ, ఇది సీసా మూతే గదా" అంది లోపలికొచ్చి. "ఆ రెండు కన్నాల్లో రెండు వేళ్లు దూర్చి తిప్పితే వచ్చేస్తుంది. కాకపోతే వేళ్లు ఇనుపవి కావాలి."

"ఓస్లా, అది ఊలు కాదు. హైడ్రాలిక్ అంటారు దాన్ని."

"ఏమన్నా అనుకోనీ. మూత మూతే."

కోళ్లను తోలేసింది. దాగలి మీద రెట్టలు గీకింది. తిత్తికి పడిన చిల్లులకు గొర్రె తోలు అతుకులు వేసింది. ఒడ్డున తుప్పు పట్టి పడివున్న పాత లారీ కమాను పట్టీ ఒకటి రాస్మీ చేత మోయించుకొచ్చి, కాల్చి, చదును చేసి, కొసల్లో రెండు చీలలు బిగించింది. చీలలకు ఎండుగడ్డి రంగు దగ్గర నీళ్లు పట్టించింది. ఆ పానా పెట్టి రాస్మీ ఒక్క పట్టు పట్టగానే రెండు చీలలూ గాజు పుల్లల్లా ఫట్టుమన్నాయి. రాస్మీ వెల్లకిలా బురదలో పడ్డాడు.

"చెప్పానా?" అన్నాడు అక్కడ్నుంచే.

ఓస్లా విరిగిన ముక్కను వెలుతురుకేసి తిప్పింది. విరిగిన చోట చక్కెర పలుకుల్లా మెరుస్తోంది. తండ్రి మాట గుర్తొచ్చి తన నెత్తి మీద తనే మొట్టుకుంది. ఇది కోసే పని కాదు, ఓర్చుకునే పని. ఉలికి పెట్టే పదును కమానుకు పెట్టింది. మళ్లీ చీలలు చేసి ఈసారి నీలం దాకా పోనిచ్చింది. మర్నాడు రాస్మీ వేలాడినంత పని చేశాక రింగు కిర్రుమని ఒక్క వెంట్రుకవాసి కదిలింది. ఆ చప్పుడు ఓస్లాకు తొలిచూలు బిడ్డ ఏడుపులా వినిపించిందని తర్వాత ఎన్నోసార్లు చెప్పుకుంది.

అక్కడితో కథ సుఖాంతం కాలేదు. లోపల నూనె కారకుండా ఆపే పాత రబ్బరు సీలును స్క్రూడ్రైవరుతో పెకలించింది. కొత్తది పెట్టింది. రెండు రోజుల్లో మళ్లీ కారింది. స్క్రూడ్రైవరు లోపలి గాడి మీద గీత పెట్టేసింది, ఆ గీత వెంట నూనె దారి చేసుకుంది. చిన్న ఆకురాయితోనూ సన్నటి గరుకు కాగితంతోనూ ఆ గీతను అరగదీస్తూ కూర్చుని, గీత పడనివ్వని పనిముట్టు ఏదని ఆలోచించింది. ఎదురుగా అల్లిక బుట్ట. అందులో తల్లి వాడిన సన్నటి ఉక్కు సూదులు. ఒకదాని కొసను కాల్చి కొక్కెంలా వంచి, మొన లేకుండా గులకరాయిలా నున్నగా రుద్దింది. దాంతో ఒక మూల పట్టి లాగితే సీలు తేలిగ్గా బయటికొచ్చింది, కుట్టు విప్పినంత సులువుగా. ఆనాటి నుంచి ఆమె సీళ్లన్నీ అల్లిక సూదులతోనే తీసింది, పెట్టింది.

అలా మొదలైంది. రాస్మీ యంత్రం తర్వాత ఎవరిదో ట్రాక్టరు లోడరు, ఆ తర్వాత రేవులో చిన్న క్రేను, ఇంకెవరిదో గడ్డి మోపులు ఎత్తే యంత్రం. ఒక్కోదానికి ఒక్కో చిక్కు, ఒక్కో చిక్కుకు పాకలో ఒక కొత్త పనిముట్టు. పైకి జరిపే కిటికీకి బరువు సరితూగేలా గోడ లోపల వేలాడదీసే పాత ఇనుప గుండును కడ్డీకి తొడిగి, ఎదురు దెబ్బతో మూతలు లాగే పరికరం చేసింది. చెడిపోయిన లారీ జాకీని నూనె ఒత్తిడి చూసుకునే చేతిపంపుగా మార్చింది. పాక గోడ నిండిపోయింది. కోళ్లు శాశ్వతంగా బయటికి వెళ్లిపోయాయి.

గిర్జీకి కూడా కొత్త వంక దొరికింది.

"ఏమే ఓస్లా, నువ్వు అల్లిన స్వెటరు వేసుకుని మా ఆయన చర్చికెళ్తే పక్కన కూర్చున్నావిడ లేచి వెళ్లిపోయిందట. ట్రాక్టరు వాసనట!"

"ఆవిడ లేచింది వాసనకి కాదు వదినా, మీ ఆయన పాట మొదలెట్టాడని" అంది ఓస్లా, టీ పోస్తూ.

రాస్మీ నవ్వాపుకోలేక బయటికి వెళ్లాడు.

ఇక పీత సంగతి. ప్రతి యంత్రానికీ ఆ రింగు కొలత వేరు, కన్నాల దూరం వేరు. ఒక్కోదానికి ఒక్కో పానా కొట్టి కొట్టి ఓస్లాకు విసుగొచ్చింది. ఒక చలికాలమంతా కూర్చుని, తండ్రి పెద్ద పటకారును ముందు పెట్టుకుని ఆలోచించి, రెండు కాళ్లున్న పానా ఒకటి చేసింది. మధ్యలో కీలు. కాళ్లు ఎంత కావాలంటే అంత విచ్చుకుంటాయి, అడ్డంగా ఉన్న మర బిగిస్తే అక్కడే నిలిచిపోతాయి. కాళ్ల కొసల్లో మార్చుకునే చీలలు. వెనక గొట్టం దూర్చుకోవడానికి మూతి. మూడుసార్లు పాడు చేసి నాలుగోసారి కుదుర్చుకుంది. కాళ్లకు నీలం రంగు ఒక్క తీరున రావడానికి పడిన అవస్థ ఆమెకే తెలుసు. చివరికి కీలు బిగించి, తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది. చప్పుడు లేదు, వదులు లేదు. పాకలో ఒక్కతే నిలబడి, "బాగుంది" అని పైకే అనుకుంది. అనుకుని, ఎవరైనా విన్నారేమోనని తలుపు వైపు చూసింది.

లౌరీ ఇస్బిస్టర్ విననైతే వినలేదు గానీ, వస్తువును చూశాడు. లౌరీ రాస్మీతో బడిలో చదువుకున్నవాడు, ఇప్పుడు మా దీవిలోకెల్లా పెద్ద ఎక్స్‌కవేటరు అతనిదే. పక్కన నిలబడితే రాస్మీది దూడలా ఉంటుంది.

"ఇదేంటి ఓస్లా, పీతా?" అన్నాడు రేవు కొట్టు ముందు, నలుగురి మధ్యా. "దేన్ని గిల్లుతుంది?"

"నీ మిషన్ మొరాయించిన రోజున చూద్దువుగాని."

"నా మిషన్ మొరాయిస్తే నేనే దాన్ని సముద్రంలోకి తోసేస్తాలే, నీకు శ్రమ దేనికి."

అందరూ నవ్వారు. ఆనాటి నుంచి దాని పేరు పీతే అయింది. ఓస్లా కూడా అలాగే పిలిచింది. పేరులో తప్పేముంది, పీత పట్టు చిన్నదా?

అది వసంతం. ఉత్తరపు రేవులో పడవలు పైకి లాగడానికి కొత్తగా సిమెంటు వాలు కట్టాలని లౌరీకి పని అప్పగించారు. పునాది తవ్వాల్సింది ఆటు వేళ నీళ్లు దూరంగా పోయినప్పుడు బయటపడే ఇసుకలో. పౌర్ణమి దగ్గర్లో నీళ్లు బాగా లోపలికి పోతాయి, అంతే జోరుగా తిరిగొస్తాయి. లౌరీ యంత్రాన్ని ఇసుకలో చాలా దూరం దించాడు. రాస్మీ తన చిన్న యంత్రంతో ఒడ్డున రాళ్లు సర్దుతున్నాడు.

ఇంటి దగ్గర ఓస్లా ఉప్పు మటన్ సూప్ పొయ్యి మీద పెట్టింది. గిర్జీ టీకి వచ్చింది, ఊరికే రాలేదు, అరుదుగా తెచ్చే కానుక కూడా తెచ్చింది. పెద్ద బిస్కెట్ల డబ్బా, మూత మీద పూలగుత్తులు. ఇంకా టీ చల్లారలేదు, రాస్మీ వ్యాను వాకిట్లో కీచుమని ఆగింది.

"ఓస్లా! లౌరీ మిషన్ ఇసుకలో కూరుకుపోయింది. చేతిని నడిపే బూమ్ సిలిండర్ మూతి దగ్గర పేలింది, నూనె పిచికారీలా కొడుతోంది. చేయి కిందికి నొక్కలేకపోతున్నాడు. నొక్కకపోతే మిషన్ని పైకి లేపుకోలేడు. కింది ఇనుప పట్టాలు తిప్పితే ఇంకా దిగిపోతోంది. పోటు మొదలైంది. నీ పీతని తీసుకురా."

"రమ్మన్నదెవరు? లౌరీనా, నువ్వా?"

"నేనే. లౌరీ ఏమీ అన్లేదు. వాడి మొహమే అంటోంది."

ఓస్లా సూప్ దించేసింది. పాకలోకి పరుగెత్తి పీతనూ, పొడుగు గొట్టాన్నీ, సూదుల సంచీనీ, రబ్బరు తాడు చుట్టనూ వ్యాన్లో పడేసింది. మళ్లీ వంటింట్లోకి వచ్చి నాలుగు వైపులా చూసి, బిస్కెట్ల డబ్బాను బల్ల మీద బోర్లించింది.

"అయ్యో, నా బిస్కెట్లు!" అంది గిర్జీ.

"బిస్కెట్లు నీవే వదినా. డబ్బా నాది. కత్తెర ఎక్కడుంది?"

గిర్జీ కూడా వ్యానెక్కింది. తన డబ్బా గతి ఏమవుతుందో చూడాలని ఎక్కానని తర్వాత అందరికీ చెప్పింది.

రేవులో యంత్రం ముక్కు కిందికి పెట్టి, బకెట్టు ఇసుకలో ఆనించి, ఒక పక్కకు ఒరిగి ఉంది. ఒడ్డున పనివాళ్లు చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డారు. తొలి నీటి పాయలు ఇసుక గాడుల్లోకి పాకుతున్నాయి. లౌరీ పైకెక్కి, ఉలి సుత్తి పట్టుకుని, సిలిండర్ మూతి రింగును పిచ్చిగా కొడుతున్నాడు. నూనెతో మొహం నల్లబడి కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"ఉలి పక్కన పెట్టు లౌరీ" అంది ఓస్లా. "ఆ రింగు నీకేం అపకారం చేసిందని?"

లౌరీ ఆమెనూ, ఆమె భుజం మీది పీతనూ చూశాడు. పక్కకు జరిగాడు.

రింగు ఆమె అంతవరకు విప్పిన వాటన్నిటికన్నా పెద్దది. పీత కాళ్లు తెరిచింది, తెరిచింది, ఇంకా తెరిచింది. చివరి మర దగ్గర చీలలు రెండూ కన్నాల్లో కూర్చున్నాయి. మర బిగించి, వెనక గొట్టం దూర్చి, "ఇద్దరూ పట్టండి. కుదపకండి, మెల్లగా వేలాడండి" అంది. రాస్మీ, లౌరీ వేలాడారు. పీత కాళ్లు కొంచెం వంగాయి. ఓస్లా చూపు వాటి మీదే ఉంది. వంగనీ, వంగడానికే నీలం దాకా పోనిచ్చాను, విరగకు తల్లీ, విరగకు అనుకుంది. రింగు కిర్రుమంది. లౌరీ ఉలితో చెదరగొట్టిన అంచు దగ్గర ఒకసారి పట్టేసింది. ఓస్లా ఆకురాయితో ఆ అంచును సరిచేసింది. మళ్లీ వేలాడారు. తిరిగింది.

మూతను సిలిండర్ లోపలి కడ్డీ మీదుగా బయటికి జరిపారు. నూనె కింద పెట్టిన చేపల పెట్టెలోకి కారింది. తప్పు వెంటనే కనిపించింది. మూత చుట్టూ గాడిలో ఉండాల్సిన రబ్బరు రింగు తెగి, నమిలేసిన తాడులా బయటికి వేలాడుతోంది. మిగతా అంతా క్షేమం.

"కొత్త రింగు పట్నంలో కూడా ఉండదు" అన్నాడు లౌరీ. "ఉన్నా కడ్డీ మొత్తం ఊడదీస్తే గానీ ఎక్కదు."

"ఎక్కించనక్కర్లేదు. ఇక్కడే చేస్తాను."

రబ్బరు తాడును గాడి చుట్టూ చుట్టి కొలత చూసుకుంది. ఏటవాలు గాడి చెక్కిన చిన్న కొయ్యముక్కలో కొసలు పెట్టి, సన్నటి బ్లేడుతో రెండూ ఒకే వాలుగా కోసింది. నిలువుగా కోసి అతికిస్తే ఊడిపోతుంది, వాలుగా అయితే ఒకదాని మీద ఒకటి పడుకుంటాయి. జిగురు చుక్క వేసి రెండు వేళ్ల మధ్య నొక్కి పట్టుకుని, నోటి ఆవిరి ఊదుతూ నిలబడింది. నీళ్లు పట్టాల అడుగు తాకాయి.

"ఇంకెంతసేపు?" అన్నాడు లౌరీ.

"అతికేదాకా."

"ఓస్లా, సముద్రం వచ్చేస్తోంది."

"సముద్రం ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. ఇది ఒక్కసారే అతుకుతుంది. మాట్లాడించకు, ఊపిరి వృథా."

ఒడ్డు మీంచి గిర్జీ కేక వేసింది. "లౌరీ! దాని పని దాన్ని చేసుకోనియ్యి! నువ్వూ మీవాళ్లూ చేతులు జేబుల్లోంచి తీసి ఆ పట్టాల కింద రాళ్లు పెట్టండి!" అని తనే మొదటి రాయి ఎత్తింది, చర్చికి వేసుకునే బూట్లతోనే. పనివాళ్లు సిగ్గుపడి ఆమె వెనక కదిలారు.

అతుకును గోటితో గీరి చూసి ఓస్లా తృప్తిపడింది. ఇక మిగిలింది ఒకటే గండం. సిలిండర్ మూతి లోపల మర చుట్లు ఉన్నాయి, పదునైనవి. కొత్త రబ్బరు వాటి మీదుగా పోతే కోసేస్తాయి. అందుకే డబ్బా. పూలగుత్తుల రేకును పట్టీలా కత్తిరించి, అంచులు మడిచి, మూతి లోపల చుట్టచుట్టి నిలబెట్టింది. నూనె రాసిన మూతను ఆ రేకు లోపల్నుంచి జార్చింది. రబ్బరు మర చుట్లను తాకకుండా దాటి లోపల కూర్చుంది. రేకును సూది కొక్కెంతో పట్టి మెల్లగా బయటికి లాగేసింది. పూలు చెక్కుచెదరలేదు.

నీళ్లు ఇప్పుడు మోకాళ్ల దాకా వచ్చాయి, చల్లదనం ఎముకలు కొరుకుతోంది. మళ్లీ పీత, మళ్లీ గొట్టం, మళ్లీ ఇద్దరు మగవాళ్లు. ఈసారి బిగించడం. చాలు అని ఆమె అనేదాకా ఆగలేదు, అన్నాక ఒక్క వీసం తిప్పలేదు. రాస్మీ డ్రమ్ములోంచి కొత్త నూనె పోశాడు. లౌరీ సీట్లో కూర్చున్నాడు. ఇంజను దగ్గి, అందుకుంది.

"మెల్లగా" అంది ఓస్లా, సిలిండర్ మూతి మీద చెయ్యి ఆనించి. "ఆవు పాలు పితికినట్టు. ఒక్కసారి లాగావంటే ఊరుకోను."

లౌరీ లివరును ముట్టీ ముట్టనట్టు కదిపాడు. చేయి కిందికి నొక్కింది. రింగు అంచున ఒక్క నూనె చుక్క ఊరి, నిలిచి, అక్కడే ఆగిపోయింది. యంత్రం ముక్కు వణికి, ఇసుక చప్పరిస్తున్న చప్పుడుతో పైకి లేచింది. పట్టాల కింద రాళ్లు పడ్డాయి. దించాడు, మళ్లీ నొక్కాడు, మళ్లీ రాళ్లు. మూడోసారి పట్టాలు గట్టి పట్టు దొరకబుచ్చుకుని తిరిగాయి. నీళ్లు కారుస్తూ, కుంటుతూ, ఆ పసుపు యంత్రం సముద్రంలోంచి లేచొచ్చిన ముసలి సీలు జంతువులా ఒడ్డెక్కింది. వెనక, అది నిలబడిన గుంట మీద తొలి అల మూసుకుంది.

ఎవరూ కేకలు పెట్టలేదు. మావాళ్లు పెట్టరు. ఎవరో ఫ్లాస్కులోంచి టీ పోశారు. ఓస్లా రాతి మీద కూర్చుని బూట్లలోంచి నీళ్లు వొంపుకుంది. లౌరీ ఇంజను ఆపి దిగివచ్చాడు. సిలిండర్ మూతిని వేలితో తడిమి చూసి, వేలిని చూసుకుని, ఆమె ముందుకొచ్చి నిలబడ్డాడు. సముద్రం వైపు చూశాడు.

"పర్లేదు" అన్నాడు.

మా దీవిలో అంతకు మించి అడగరు. ఓస్లా అడిగింది. ఎందుకడిగిందో అప్పటికి ఆమెకే తెలియదు. ఆ చలికాలమంతా పాకలో ఒక్కతే తిప్పిన పటకారు, పాడైన మూడు పీతలు, తండ్రి చల్లారిన కొలిమి అన్నీ ఒక్కసారిగా గొంతులోకి వచ్చాయి.

"పర్లేదు కాదు లౌరీ" అంది. "కొట్టు ముందు నలుగురిలో నవ్వావు. ఇప్పుడూ నలుగురున్నారు. అది బాగుంది. నాకు తెలుసు బాగుందని. నువ్వు కూడా అను."

టీ కప్పులు గాల్లోనే ఆగిపోయాయి. రాస్మీ తన బూట్లను తెగ పరీక్షించాడు. లౌరీ చెవులు నూనె మురికి కిందనుంచి కూడా ఎర్రగా కనిపించాయి.

"బాగుంది" అన్నాడు. తర్వాత ఊపిరి పీల్చుకుని, మొదటిమాట దాటాక రెండోది సులువైనట్టుంది, "చాలా బాగుంది ఓస్లా. అలాంటిది నేనెక్కడా చూళ్లేదు. నవ్వినందుకు నాకు బుద్ధి లేదు" అన్నాడు.

"ఉంది, కాస్త ఆలస్యంగా పనిచేస్తుంది" అంది ఓస్లా. అప్పుడు నవ్వారు అందరూ, లౌరీ కూడా.

ఆ తర్వాత ఆమె పాకకు తీరిక లేదు. పక్క దీవుల నుంచి గోనెసంచుల్లో చుట్టిన సిలిండర్లు ఫెర్రీలో వచ్చేవి. పీతలాంటివి ఇంకొన్ని చేయించుకున్నారు. మొదటిది లౌరీయే అడిగాడు. వాటి కాలి మీద ఓస్లా చిన్న గుండ్రటి గుర్తు ఒకటి కొట్టేది. తండ్రి ఏనాడూ తన పనిమీద గుర్తు కొట్టుకోలేదు. కమ్మరి ఒక్కడే ఉన్నప్పుడు గుర్తెందుకనేవాడు. ఓస్లాకు మాత్రం, ఎక్కడో తెలియని రేవులో తెలియని మనిషి తన పానాను తిప్పుతూ ఇది చేసినవాళ్లెవరో అనుకోవాలని ఉండేది. అందులో సిగ్గుపడాల్సిందేమీ ఆమెకు కనబడలేదు.

గిర్జీ నోరు కూడా మారింది, వంకలు పెట్టడం మానలేదు గానీ దిక్కు మార్చింది. ఫెర్రీలో ఎవరు పక్కన కూర్చుంటే వాళ్లకు "మా మరదలు" అని మొదలుపెట్టేది. ఆ డబ్బా తనదేనని చెప్పడం మరిచేది కాదు.

ఆ వేసవి చివర్లో దీవి సంత ప్రదర్శన. గొర్రెలు, గుర్రపు పిల్లలు, జామ్ సీసాలు, స్వెటర్లు, అన్నిటికీ పోటీలే. గిర్జీ ఎవరికీ చెప్పకుండా పాకలోకి దూరి, పీతను తువ్వాల్లో చుట్టి తీసుకెళ్లి, "ఇంట్లో చేసిన ఏ వస్తువైనా" అన్న బల్ల మీద పెట్టేసింది. ఒక పక్క అల్లిన కుషన్లు, మరో పక్క గవ్వల పెట్టె, మధ్యలో కాళ్లు చాపుకుని ఇనుప పీత. ఓస్లా చూసేసరికి దాని మీద నీలం చీటీ ఉంది. రెండో బహుమతి.

"రెండోదా!" అంది.

"మొదటిది ఓట్స్ పైరు గడ్డితో అల్లిన బుట్టకిచ్చారు" అంది గిర్జీ, తనకే అన్యాయం జరిగినంత కోపంగా. "ఆ జడ్జీ ఆడమనిషికి ఇదేంటో తెలీలేదట. తాబేలు బొమ్మా అనడిగింది!"

ఓస్లా బుట్టను చేతిలోకి తీసుకుంది. అడుగు చూసింది, పిడి లాగి చూసింది, అల్లిక వరసల మీద బొటనవేలు నడిపింది. పీట్ మోసే బుట్ట, పాత పద్ధతిది, ఎక్కడా ఒక్క గడ్డిపోచ తేలలేదు. జాగ్రత్తగా తిరిగి పెట్టింది. "ఇవ్వాల్సిందే" అంది. "కానీ వచ్చే ఏడు చూడు, ఇంకోటి తెస్తాను."

రాస్మీ పీతను అందుకోబోయాడు. "ఇటివ్వు, వ్యాన్లో పడేస్తాను. బరువు."

"వద్దు."

నీలం చీటీ దారంతో పీత కాలికి వేలాడుతుండగా ఓస్లా దాన్ని భుజాన వేసుకుంది. వ్యాను గేటు పక్కనే ఉంది. ఆమె మాత్రం గొర్రెల దొడ్ల పక్కనుంచి, టీ గుడారం ముందునుంచి, మైదానం చుట్టూ తిరిగి, అందరికీ కనబడేలా మెల్లగా నడుచుకుంటూ వెళ్లింది.